పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్‌లో పీఈఏఐ ఉప్పు పూస్తే వోల్టేజీ పెరుగుతోంది, 85 డిగ్రీల్లో పెడితే కంట్రోల్ (పూత లేని సెల్) కన్నా ముందే పడిపోతోంది

హేమ_ల్యాబ్ | సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్తే. పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా సెల్‌లో పొరల వరుస ఇది: ఎఫ్‌టీఓ (కరెంటు పారే పూత ఉన్న) గ్లాసు, ఎలక్ట్రాన్లని మోసే టిన్ ఆక్సైడ్, ఆపైన వెలుతురు పీల్చే పెరోవ్‌స్కైట్, అంటే ఫామామిడినియం లెడ్ అయోడైడ్ (కొద్దిగా సీజియం కలిపి), హోల్స్‌ని (ధన ఆవేశాల్ని) మోసే స్పైరో, చివర బంగారం. పెరోవ్‌స్కైట్‌కీ స్పైరోకీ మధ్య ఫినైల్‌ఇథైల్ అమోనియం అయోడైడ్, అదే మన పీఈఏఐ, ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో) కరిగించి స్పిన్ చేస్తున్నాం, అంటే గిర్రున తిప్పుతూ పూస్తున్నాం. మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములు, 5000 ఆర్‌పీఎం, ఆ తర్వాత 100 డిగ్రీల మీద 5 నిమిషాలు.

ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 1.08 నుంచి 1.14 వోల్టులకి వచ్చింది. ల్యాబ్‌లో అందరూ ఖుషీ. ఫిల్ ఫ్యాక్టర్ (వోల్టేజీ, కరెంటుల్లో నిజంగా పవర్‌గా దక్కే వంతు) కాస్త తగ్గింది కానీ అసలు టెన్షన్ అది కాదు. గ్లవ్‌బాక్స్‌లో (గాలి, తేమ చేరని పెట్టెలో) నైట్రోజన్‌లోనే 85 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద ఉంచితే పీఈఏఐ పూసిన సెల్స్ ఏమీ పూయని వాటికన్నా ముందే దిగజారుతున్నాయి. బయట, మామూలు గది గాలిలో పెడితే మాత్రం పూసినవే బాగా నిలబడుతున్నాయి. రెండూ ఒకే బ్యాచ్. స్థిరత్వం పెంచుతుందనే కదా ఈ పూత వేసేది? ఎవరికైనా ఇలా వచ్చిందా?

ఉల్సాన్_తెలుగోడు | సోమవారం, రాత్రి 11:05

వచ్చింది. చాలామందికి వస్తుంది, పేపర్లో రాయరు అంతే.

ముందు కొన్ని ప్రశ్నలు. పూత తర్వాత ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటికాల్ని గుర్తుపట్టే ఎక్స్‌రే కొలత) తీశావా? 5.4 డిగ్రీల కోణం దగ్గర పీక్ కనబడుతోందా? జేవీ స్కాన్ (వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలవడం) రెండు వైపులా చేశావా, లేక రివర్స్ ఒక్కటేనా? వట్టి ఐపీఏ మాత్రమే పోసిన సెల్ ఒకటి పక్కన పెట్టావా?

ఆ పీక్ గురించి ఎందుకు అడుగుతున్నానంటే, 2019లో బీజింగ్‌లో జింగ్‌బీ యూ బృందం పీఈఏఐతోనే 23.32 శాతం సామర్థ్యం సర్టిఫై చేయించింది, వోల్టేజీ 1.18 దాకా తెచ్చింది. అప్పట్లో అది పెద్ద వార్త. ఆ పేపర్లో అందరూ దాటేసే సంగతి ఒకటుంది. పూత తర్వాత వాళ్లు వేడి చేయలేదు. వేడి చేస్తే పీఈఏఐ వెళ్లి లెడ్ అయోడైడ్‌తో కలిసి టూడీ (పలకలు పలకలుగా ఉండే) పెరోవ్‌స్కైట్ అవుతోందనీ, అలా మారకుండా ఉప్పు ఉప్పుగానే ఉన్నప్పుడు పాసివేషన్ (ఉపరితల లోపాలు మూయడం) బాగుందనీ చూపించారు. 5.4 దగ్గరి పీక్ ఆ టూడీదే. నువ్వు 100 డిగ్రీల్లో పెడుతున్నావంటే నీ సెల్‌లో ఉన్నది పీఈఏఐ కాదు, టూడీ పొర.

అనంత_సోలార్ | మంగళవారం, ఉదయం 7:15

నేను రూఫ్‌టాప్ ప్యానెల్స్ బిగించేవాణ్ణి, ల్యాబ్ మనిషిని కాదు. ఈ పెరోవ్‌స్కైట్ ప్యానెల్స్ ఎప్పుడొస్తాయని కస్టమర్లు అడుగుతుంటే ఇక్కడికొచ్చి చదువుతుంటాను. ఈ పూత అంటే ఏంటి సార్, గోడకి పెయింట్ వేసే ముందు లప్పం పూసినట్టా?

కెమిస్ట్రీ_మాస్టారు | మంగళవారం, ఉదయం 9:40

దాదాపు అంతే నాయనా. తేడా ఏమిటంటే, ఈ లప్పం ఎండిపోయి కుదురుగా కూర్చోదు, వేడి తగిలితే గోడలోకి పాకుతుంది. హేమ బాధ కూడా అదే అయ్యుండాలి.

కాస్త మొదటి నుంచి చెబుతాను. 2009లో జపాన్‌లో మియసాకా బృందం ఈ పదార్థంతో మొదటి సెల్ చేస్తే సామర్థ్యం 3.8 శాతం. అందులో ద్రవ ఎలక్ట్రోలైట్ ఉండేది, పెరోవ్‌స్కైట్‌ని అదే కరిగించేసేది. ఇప్పుడు అదే కుటుంబం పదార్థంతో ఒంటి సెల్ 26 శాతం దాటింది. ఈ పరుగులో మొదటి సగం పొర సమంగా రావడం వల్ల వచ్చింది. రెండో సగంలో పెద్ద వాటా ఉపరితలానిదే.

స్ఫటికం లోపల ప్రతి లెడ్ అయాన్ చుట్టూ ఆరు అయోడైడ్లు ఉంటాయి. ఉపరితలం దగ్గరికొచ్చేసరికి వరుస తెగిపోతుంది. అయోడైడ్ లేచిపోయిన చోట లెడ్ ఒక చెయ్యి ఖాళీగా పెట్టుకుని నిలబడుతుంది. వెలుతురు పుట్టించిన ఎలక్ట్రాన్ అక్కడ చిక్కుకుని, హోల్‌తో కలిసి వేడిగా పోతుంది. కరెంటుగా బయటికి రావాల్సింది అక్కడే ఖర్చైపోతుంది. ఆ ఖాళీ చెయ్యి లూయిస్ ఆమ్లం. ఎలక్ట్రాన్ జంట ఇవ్వగల క్షారం ఏది తెచ్చినా పట్టుకుంటుంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2014లో చేసింది అదే. ఏమీ పూయకపోతే 13 శాతం, థయోఫీన్ పూస్తే 15.3, పిరిడిన్ పూస్తే 16.5. ఇంటర్మీడియట్‌లో చెప్పే లూయిస్ ఆమ్ల క్షారాల పాఠం, అంతకన్నా బ్రహ్మవిద్య ఏం లేదు.

అమోనియం ఉప్పుల దారి వేరు. అవి ఖాళీ అయిన ధన అయాన్ స్థానంలో కూర్చుంటాయి, వెంట తెచ్చుకున్న అయోడైడ్‌తో రెండో ఖాళీని నింపుతాయి. పీఈఏఐ ఈ జాతిది. దాని బెంజీన్ తోక నీటిని దగ్గరికి రానివ్వదు. గది గాలిలో హేమ సెల్స్ నిలబడ్డది అందుకే. గ్లవ్‌బాక్స్‌లో తేమే లేదు కాబట్టి ఆ లాభం అక్కడ కనబడదు, నష్టం ఒక్కటే కనబడుతుంది.

హేమ_ల్యాబ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, ధన్యవాదాలు. ఉల్సాన్ అన్నా, 5.4 దగ్గర పీక్ ఉంది, చిన్నదే కానీ స్పష్టంగా ఉంది. హాట్‌ప్లేట్ మీద ఉంచాక అది సన్నబడుతోంది. పీఎల్‌లో (వెలుతురు పీల్చి ఫిల్మ్ తిరిగి వెలిగే కొలతలో) మొదట 520 నానోమీటర్ల దగ్గర చిన్న బంప్ ఉండేది, అది పోయి 570 వైపు ఇంకోటి లేస్తోంది. స్కాన్ రెండు వైపులా చేశాను, హిస్టెరిసిస్ (రెండు వైపుల స్కాన్ల మధ్య తేడా) పూతతో తగ్గింది. ఐపీఏ కంట్రోల్ ఇంకా చేయలేదు, ఈ వారం చేస్తాను.

ఉల్సాన్_తెలుగోడు | మంగళవారం, సాయంత్రం 4:10

నీ బంప్ కథంతా చెప్పేసింది. 520 దగ్గరిది ఎన్ ఈక్వల్స్ ఒకటి, అంటే పీఈఏ పొరల మధ్య ఒకే ఒక్క లెడ్ అయోడైడ్ పలక. 570 వైపుది రెండు పలకలది. కింది నుంచి ఫామామిడినియం పైకి వస్తోంది, పైనున్న పీఈఏ కిందికి దిగుతోంది. నువ్వు మొదటి రోజు కొలిచిన ఇంటర్‌ఫేస్ వేరు, వారం తర్వాత ఉన్న ఇంటర్‌ఫేస్ వేరు. పీఈఏ ఇలా దిగిన చోట త్రీడీ స్ఫటికం కూడా చెదురుతుంది, అందుకే కంట్రోల్ కన్నా కిందికి పోతున్నావు.

దీనికి తోడు ఇంకో రసాయన చర్య ఉంది. వేడికి పీఈఏ అమోనియం ఒక ప్రోటాన్ వదిలి అమీన్ అవుతుంది. ఆ అమీన్ ఊరుకోదు, ఫామామిడినియం మీద దాడి చేసి అమోనియాని బయటికి తోసి తాను అక్కడ అతుక్కుంటుంది. ఫామామిడినియం ఖర్చైన కొద్దీ నల్ల ఫేజ్ (వెలుతురు పీల్చే స్ఫటిక రూపం) నిలబడదు. 2023లో టొరంటో వాళ్లు ఉప్పు పెరోవ్‌స్కైట్‌లోకి దిగే ఈ గొడవ మీదే పని చేశారు. పీఈఏ బదులు ఫ్లోరిన్ తగిలించిన అనిలినియం వాడారు. అది పెరోవ్‌స్కైట్‌తో చర్య జరిపి లోపలికి దిగడం తక్కువ. ఎన్‌క్యాప్సులేట్ చేసిన (గాలి చొరకుండా మూసిన) సెల్ 85 డిగ్రీలు, 50 శాతం తేమ, పూర్తి వెలుతురు కింద 1560 గంటలకి 85 శాతం నిలబెట్టుకుంది.

ఫిల్ ఫ్యాక్టర్ తగ్గడం కూడా ఇక్కడిదే. టూడీ పలకలు సాధారణంగా గ్లాసుకి సమాంతరంగా పడుకుంటాయి. స్పైరోలోకి వెళ్లాల్సిన హోల్స్ ఆ ఆర్గానిక్ పొరల్ని అడ్డంగా దాటాలి. పొర పలచగా ఉంటే సరే, 5 మిల్లీగ్రాములతో వేడి కూడా చేస్తే మందమవుతుంది.

లెక్కల_మనిషి | మంగళవారం, రాత్రి 8:45

మీరంతా అణువుల దగ్గరే ఆగిపోయారు. ఒక లెక్క చూడండి.

గది ఉష్ణోగ్రతలో పీఎల్ క్వాంటమ్ ఈల్డ్ (పీల్చిన వెలుతురులో తిరిగి వెలిగే వంతు) పది రెట్లు పెరిగితే వోల్టేజీ దాదాపు 60 మిల్లీవోల్టులు పెరగాలి. ఇది కేటీ బై క్యూ (ఉష్ణోగ్రతకి తగ్గ వోల్టేజీ) ఇంటూ లాగ్, అంతే. హేమ గారికి వచ్చింది సరిగ్గా 60. అంటే లాభమంతా ఉపరితల లోపాలు మూసుకోవడం వల్లే అయితే పీఎల్ పది రెట్లు పెరిగి ఉండాలి. పెరిగిందా?

హేమ_ల్యాబ్ | మంగళవారం, రాత్రి 9:20

లేదండీ. గ్లాసు మీద వేసిన ఫిల్మ్‌లో దాదాపు నాలుగు రెట్లు.

లెక్కల_మనిషి | మంగళవారం, రాత్రి 9:50

నాలుగు రెట్లంటే 36 మిల్లీవోల్టులు. మిగతా 24 ఎక్కడి నుంచి వచ్చాయి? గ్లాసు మీది ఫిల్మ్‌లో స్పైరో లేదు. పూర్తి సెల్‌లో స్పైరోతో అంటుకునే చోట ఇంకో నష్టం ఉంటుంది. పూత ఆ చోట ఎలక్ట్రాన్లని వెనక్కి తిప్పుతూ ఉండొచ్చు, బ్యాండ్ వరుసని (పొరల మధ్య శక్తి మెట్లని) కొంచెం మారుస్తూ ఉండొచ్చు. స్పైరో వేసిన ఫిల్మ్, వేయని ఫిల్మ్, రెండిటికీ పూతతో ఒకసారి, పూత లేకుండా ఒకసారి పీఎల్ కొలవండి. నాలుగు శాంపిళ్లు. అప్పుడు ఏ వోల్టు ఎక్కడిదో తెలుస్తుంది. హాట్‌ప్లేట్ తర్వాత మళ్లీ ఆ నాలుగే కొలిస్తే ముందుగా పోతున్నది ఏదో కూడా తెలుస్తుంది. నూటికి తొంభై మంది వోల్టేజీ పెరిగిందని చూసి "పాసివేషన్" అని రాసేసి ఊరుకుంటారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఈ పదార్థపు బ్యాండ్‌గ్యాప్‌కి (ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి ఖాళీకి) 1.08 అనేది బలహీనమైన కంట్రోల్. అంత కింద ఉన్న దాని మీద ఏం పూసినా పెరుగుతుంది. ఈ రంగంలో సగం పేపర్లు అలాగే నడుస్తున్నాయి. కంట్రోల్‌ని చెడగొట్టడం, పూతకి కిరీటం పెట్టడం.

హేమ_ల్యాబ్ | మంగళవారం, రాత్రి 10:05

కోపమేం లేదండీ. మా గైడ్ గారు మాత్రం 1.14 చూసి పేపర్ రాయమంటున్నారు :)

కెమిస్ట్రీ_మాస్టారు | బుధవారం, ఉదయం 6:30

పొద్దున్నే టీ తాగుతూ రాస్తున్నాను, విషయం కూడా దానిదే. 2019లో యూసీఎల్‌ఏ వాళ్లు కెఫీన్ కలిపితే సామర్థ్యం 17 పైనుంచి 20 దాకా వచ్చిందని రాశారు. అది ఉపరితలానికి పూసింది కాదు, ద్రావణంలోనే కలిపింది. అదే ఏడాది అక్కడి నుంచే ఇంకో పేపర్, ఈసారి ఉపరితలం మీద: థియోఫిలిన్, కెఫీన్, థియోబ్రోమిన్. మూడూ అన్నదమ్ములే. మొదటిది ఆస్తమా మందు, మూడోది కోకోలో ఉంటుంది. థియోఫిలిన్‌తో 21 నుంచి 22.6కి పెరిగింది, మిగతా ఇద్దరూ అంత పని చేయలేదు. కారణం చూడండి. మూడిట్లోనూ లెడ్‌ని పట్టుకునే కార్బొనైల్ (కార్బన్, ఆక్సిజన్ జత) ఉంది. థియోఫిలిన్‌లో దానికి తగిన దూరంలో ఒక ఎన్‌హెచ్ (నైట్రోజన్, హైడ్రోజన్ జత) కూడా ఉంది, అది పక్కనున్న అయోడైడ్‌ని పట్టుకుంటుంది. కెఫీన్‌లో ఆ ఎన్‌హెచ్ స్థానంలో మిథైల్ కూర్చుంది. థియోబ్రోమిన్‌లో ఎన్‌హెచ్ ఉంది కానీ కార్బొనైల్‌కి మరీ దగ్గర, రెండు చేతులూ ఒకేసారి ఆనవు. పట్టుకునే గుంపు ఉంటే చాలదు, దూరం కూడా కుదరాలి. నా సర్వీసులో పిల్లలకి అణువుల ఆకారం ఎందుకు చదవాలో చెప్పడానికి ఇంత మంచి ఉదాహరణ దొరకలేదు.

అనంత_సోలార్‌కి ఒకటి. నార్త్ కరోలినాలో జిన్‌సాంగ్ హువాంగ్ బృందం ఆక్టైల్ అమోనియం సల్ఫేట్ పూసి పెరోవ్‌స్కైట్ పైన పలచటి లెడ్ సల్ఫేట్ పొర పుట్టించింది. ఆ సెల్ 65 డిగ్రీల దగ్గర, వెలుతురులో 1200 గంటలు నడిచాక కూడా దాదాపు 97 శాతం మిగిలింది. ఇక్కడ పూత ఎక్కడికీ పాకదు, ఎందుకంటే అది ఉపరితలంలోని లెడ్‌తోనే కలిసి రాయైపోయింది. నీటిలోనూ కరగదు.

అనంత_సోలార్ | బుధవారం, ఉదయం 8:00

లెడ్ సల్ఫేటా! మా ఇన్వర్టర్ బ్యాటరీల ప్లేట్ల మీద పట్టి వాటిని చంపేది అదే కదా మాస్టారూ. అక్కడ శత్రువు, ఇక్కడ కాపలాదారు.

మీరు 65 అంటున్నారు, 85 అంటున్నారు. మా అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ప్యానెల్ వెనక చెయ్యి పెడితే కాలుతుంది. అక్కడికి ఇది సరిపోతుందా?

లెక్కల_మనిషి | బుధవారం, ఉదయం 8:40

మామూలు ప్యానెల్‌కి ఎన్‌ఓసీటీ (ప్రమాణ పరిస్థితుల్లో సెల్ ఎక్కే వేడి) 45 అనుకుంటే, పూర్తి ఎండలో ప్యానెల్ బయటి గాలి కన్నా సుమారు 31 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గాలి 42 ఉంటే సెల్ 73. రేకుల కప్పు మీద గాలి ఆడకుండా బిగిస్తే ఇంకా పైకి. కాబట్టి 85 అనేది ల్యాబ్ వాళ్ల పంతం కాదు, మీ ఊరి మే నెల కన్నా కాస్త పైన గీసిన గీత.

బెర్లిన్_మాడ్యూల్ | బుధవారం, మధ్యాహ్నం 3:30

ఆలస్యంగా చూశాను. మాడ్యూల్ వైపు నుంచి రెండు మాటలు.

ప్యానెల్ అమ్మాలంటే ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణ పరీక్ష దాటాలి. 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 1000 గంటలు, మైనస్ 40 నుంచి 85 దాకా 200 సార్లు పైకీ కిందికీ. ల్యాబ్ వాళ్లకి ఐసోస్ ప్రోటోకాల్స్ (స్థిరత్వం కొలిచే పద్ధతులు) ఉన్నాయి, 2020లో అందరూ కలిసి ఒప్పుకున్నవి. చీకట్లో నిల్వ ఉంచితే డీ, వెలుతురులో నడిపితే ఎల్. హేమ గారు చేసింది చీకట్లో వేడి పరీక్ష. మంచిదే, కానీ వెలుతురూ వేడీ కలిసి వస్తే అయాన్ల కదలిక ఇంకా ఎక్కువ. చీకట్లో నెగ్గి వెలుతురులో ఓడిన పూతలు బోలెడు.

లామినేషన్ సంగతి ల్యాబ్‌లో ఎవరికీ గుర్తుండదు. సిలికాన్ ప్యానెళ్లలో ఈవీఏ అనే అతికించే ప్లాస్టిక్ షీట్ వేసి 145, 150 డిగ్రీల దగ్గర ఒత్తుతారు. పీఈఏఐ లాంటి పూత ఆ కొద్ది నిమిషాల్లోనే వేరే పదార్థమైపోతుంది. అందుకే పెరోవ్‌స్కైట్‌కి తక్కువ వేడిలో అతికే పాలీఓలెఫిన్, అంచుల చుట్టూ బ్యుటైల్ సీల్ వాడుతున్నారు. పైగా 5000 ఆర్‌పీఎంలో తిప్పే పూతని మీటరు పలక మీద ఎలా వేస్తారు? స్లాట్‌డైతో (సన్నని చీలిక నుంచి ద్రావణం పరిచే యంత్రంతో) పొయ్యాలి, లేదా ఆవిరిగా వెయ్యాలి. ద్రావణంతో రెండోసారి తడపడం అంటేనే ఫ్యాక్టరీ వాళ్లకి భయం.

అసలు చాలామంది వరుసనే తిప్పేశారు. కింద హోల్ పొర, పైన సీ60 (ఎలక్ట్రాన్లని మోసే కార్బన్ బంతుల పొర). అక్కడ పెద్ద నష్టం పెరోవ్‌స్కైట్, సీ60 అంటుకునే చోటే. ప్రొపేన్ డైఅమ్మోనియం అయోడైడ్ లాంటి రెండు చేతుల అణువులు ఇప్పుడు ఎక్కువగా వాడేది అక్కడే. సీ60 పైన ఏఎల్‌డీతో (అణు పొరలుగా పేర్చే పద్ధతితో) టిన్ ఆక్సైడ్ వేస్తే తేమ లోపలికి రాదు, అయోడిన్ బయటికి పోదు. కింది వైపు కార్బజోల్ ఫాస్ఫోనిక్ యాసిడ్‌లు, ఒకే ఒక్క అణువు మందం. ఇక్కడ బెర్లిన్‌లో హెచ్‌జడ్‌బీ పరిశోధన సంస్థ వాళ్లు 2020లో వాటితోనే సిలికాన్ టాండెమ్‌ని (సిలికాన్ సెల్ మీద పెరోవ్‌స్కైట్ సెల్ పేర్చినదాన్ని) 29.15 శాతానికి తీసుకెళ్లారు. పై ఉపరితలం గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం కానీ కింద కప్పబడిపోయిన ఉపరితలం కూడా అంతే ముఖ్యం.

అనంత_సోలార్ గారూ, ఆక్స్‌ఫర్డ్ పీవీ 2024 సెప్టెంబర్‌లో అమెరికాకి మొదటి వాణిజ్య ప్యానెళ్లు పంపింది. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ టాండెమ్, ప్యానెల్ సామర్థ్యం 24.5 శాతం. అవి పెద్ద సోలార్ ప్లాంట్ల కోసం. మీ కస్టమర్ మేడ మీదికి ఇప్పుడప్పుడే చెప్పకండి.

హేమ_ల్యాబ్ | బుధవారం, రాత్రి 9:15

ఇంత సమాచారం ఒక్కచోట దొరకడం నా అదృష్టం. అయితే పీఈఏఐ వదిలేయాలా? స్పైరో వల్ల కూడా కావచ్చని మా సీనియర్ అంటోంది.

ఉల్సాన్_తెలుగోడు | బుధవారం, రాత్రి 10:00

మీ సీనియర్ చెప్పింది సగం నిజం. 85లో స్పైరో కూడా నలుగుతుంది. అందులో కలిపే టీబీపీ అనే ద్రవం ఆవిరవుతుంది, లిథియం ఉప్పు కదులుతుంది, బంగారం కిందికి దిగుతుంది. కానీ నీ కంట్రోల్‌లో కూడా అదే స్పైరో ఉంది కదా. రెండిటి మధ్య తేడా పూతదే. ఖరారు చేసుకోవాలంటే స్పైరో బదులు పీటీఏఏ (హోల్స్‌ని మోసే ఇంకో పదార్థం) వేసి ఒక వరుస చెయ్యి. అక్కడ కూడా పూసినవే ముందు పడిపోతే దోషి పీఈఏఐ.

వెంటనే వదిలేయకు. 1 లేదా 2 మిల్లీగ్రాములకి తగ్గించి, వేడి చేయకుండా చూడు. ఐపీఏ కొత్త బాటిల్ వాడు. వానాకాలంలో తెరిచి ఉంచిన ఐపీఏ నీళ్లు తాగుతుంది, ఆ నీళ్లు ఫామామిడినియం అయోడైడ్‌ని ఉపరితలం నుంచి కడిగేస్తాయి. పొడి ఐపీఏ కూడా కొంత కడుగుతుంది. అందుకే వట్టి ఐపీఏ కంట్రోల్ లేకుండా నీ కథ పూర్తి కాదు.

కెమిస్ట్రీ_మాస్టారు | గురువారం, ఉదయం 7:10

హేమా, బంగారం, స్పైరో రెండూ లేకుండా కార్బన్ ఎలక్ట్రోడ్‌తో చేసే సెల్స్ కూడా ఉన్నాయి. హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ వాళ్లు దాని మీద పని చేస్తున్నారు. సామర్థ్యం తక్కువే, వేడికి ఓర్పు ఎక్కువ. నీ పూతని అలాంటి సెల్ మీద కూడా ఒకసారి చూడు. స్పైరో గొడవ ఉండదు.

హేమ_ల్యాబ్ | తర్వాతి వారం, శుక్రవారం, రాత్రి 8:30

అప్‌డేట్. వట్టి ఐపీఏ పోసిన సెల్ అసలు కంట్రోల్ కన్నా కాస్త తక్కువే ఇచ్చింది, అంటే పూత నిజంగా ఇస్తున్న లాభం నేననుకున్న దానికన్నా ఎక్కువ. 2 మిల్లీగ్రాములతో, వేడి చేయకుండా చేస్తే ఫిల్ ఫ్యాక్టర్ తిరిగొచ్చింది, వోల్టేజీ పెద్దగా తగ్గలేదు. ఎక్స్‌ఆర్‌డీలో 5.4 పీక్ మొదట లేదు. కానీ 85లో ఒక రోజు ఉంచితే అదే పుట్టింది! నేను వేడి చేయకపోయినా పరీక్షే వేడి చేస్తోంది. పీటీఏఏతో రెండు రకాలూ నెమ్మదిగా పడుతున్నాయి, వరుస మాత్రం మారలేదు, పూసినవే ముందు.

నాలుగు శాంపిళ్ల పీఎల్ కూడా చేశాను. స్పైరో ఉన్న జతలో పూత ఇస్తున్న తేడా, లేని జత కన్నా బాగా ఎక్కువ. హాట్‌ప్లేట్ తర్వాత ముందు పోతున్నది కూడా ఆ తేడానే.

లెక్కల_మనిషి | శుక్రవారం, రాత్రి 9:05

ఇప్పుడు పేపర్ ఉంది మీ దగ్గర. 1.14 మీద కాదు, ఈ చివరి వాక్యం మీద. ఫ్లోరో అనిలినియం ఒక వరుస, సల్ఫేట్ ఒక వరుస పెట్టి అదే నాలుగు శాంపిళ్ల కొలత మళ్లీ చేయండి. వీలైతే 65 డిగ్రీల్లో, వెలుతురులో, ఎంపీపీ ట్రాకింగ్ మీద, అంటే ఎప్పుడూ గరిష్ఠ పవర్ దగ్గర నడుపుతూ.

హేమ_ల్యాబ్ | శుక్రవారం, రాత్రి 9:20

అనిలినియం ఉప్పు ఆర్డర్ పెట్టాం, రావడానికి టైం పడుతుందట. ఆక్టైల్ అమీన్, సల్ఫ్యూరిక్ యాసిడ్ ల్యాబ్‌లోనే ఉన్నాయి, ముందు సల్ఫేట్ నేనే తయారు చేస్తాను. మాస్టారూ, ఉప్పుని కడగడానికి డైఇథైల్ ఈథర్ సరిపోతుందా?

కెమిస్ట్రీ_మాస్టారు | శుక్రవారం, రాత్రి 9:45

సరిపోతుంది. అమీన్‌ని మంచు గిన్నెలో పెట్టుకుని యాసిడ్‌ని బొట్టుబొట్టుగా పొయ్యి, బాగా వేడెక్కుతుంది. ఒక యాసిడ్‌కి రెండు అమీన్లు, ఆ నిష్పత్తి తప్పితే బైసల్ఫేట్ వస్తుంది. మిగిలిన ఆమ్లం ఏ కొంచెం ఉన్నా నీ పెరోవ్‌స్కైట్ ఊరుకోదు. కడిగాక వ్యాక్యూమ్‌లో రాత్రంతా ఆరబెట్టు, పీహెచ్ చూసి మరీ వాడు.